దద్దుర్లు లేచాయా? ముందు గడియారం చూడండి

దద్దుర్లు లేచినవాళ్ళను చూడగానే ఎవరైనా అడిగే మొదటి మాట "ఏం తిన్నావు?" అని. నన్నూ అదే అడిగారు, నన్ను నేనూ అదే అడుక్కున్నాను. ముందు రోజు తిన్నది మానేశాను. అయినా తగ్గకపోతే ఆ మరుసటి వారం ఇంకోటి మానేశాను. ఇక మానేయడానికి ఏమీ మిగలని స్థితిలో చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్తే ఆవిడ తిండి ఊసే ఎత్తలేదు. "ఒక్కో దద్దు ఎంతసేపు ఉంటోంది?" అని అడిగారు. నాలుగు నెలలుగా గోక్కుంటున్నవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

దద్దుర్ల సంగతి తేల్చేది చాలావరకు టైమే. ఒక్కో దద్దు ఎన్ని గంటలు ఉంది? ఏదైనా తిన్నాకో, మాత్ర వేసుకున్నాకో ఎంతసేపటికి లేచింది? మొత్తం మీద ఎన్ని వారాలుగా వస్తున్నాయి? ఈ మూడు లెక్కలు చేతిలో ఉంటే సగం పని అయినట్టే. అయితే లెక్కల జోలికి పోకముందే చూసుకోవలసింది ఒకటుంది.

ముందు ఊపిరి సంగతి

దద్దుర్లు చూడ్డానికి ఎంత భయం పుట్టించినా, చర్మం వరకే ఉంటే ప్రాణానికి ముప్పు లేదు. చర్మం దాటి లోపలికి వెళ్ళిందా అన్నదే అసలు ప్రశ్న. గొంతు బిగుసుకుపోవడం, మాట బొంగురుపోవడం, నాలుక లావెక్కడం, ఆయాసం, పిల్లికూతలు, కళ్ళు తిరగడం, ఉన్నట్టుండి ఒళ్ళు చల్లబడి నీరసించిపోవడం, వెంటవెంటనే వాంతులు కావడం. దద్దుర్లతో పాటు వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దాన్ని అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన ఎలర్జీ, అనుకునే కదలాలి. "కాసేపు చూద్దాం" అనే మాట ఇక్కడ పనికిరాదు. పైగా కొందరిలో ఒంటి మీద ఒక్క దద్దు కూడా లేకుండా అనాఫిలాక్సిస్ వస్తుంది. పడదని ముందే తెలిసినది పొరపాటున తిన్నాకో, కందిరీగ కుట్టాకో ఊపిరి ఆడకపోతే, దద్దుర్లు లేవు కదా అని ఆగకండి.

దానికి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్. ఎలర్జీ మాత్ర ఆ పని చేయలేదు. మాత్ర దురదను తగ్గిస్తుంది తప్ప మూసుకుపోతున్న గొంతును తెరవలేదు, పడిపోతున్న బీపీని ఎత్తలేదు. డాక్టర్ ఇదివరకే పెన్నులా ఉండే అడ్రినలిన్ ఇంజెక్షన్ రాసి ఉంటే తొడ బయటి వైపు మధ్యలో పొడవండి. బట్టల మీద నుంచైనా ఫరవాలేదు. తర్వాత అంబులెన్స్ పిలవండి. మనిషిని పడుకోబెట్టి కాళ్ళ కింద ఎత్తు పెట్టండి. పడుకుంటే ఊపిరి ఆడకపోతే కాళ్ళు చాపి కూర్చోబెట్టండి. లేపి నిలబెట్టడం, నడిపించుకుంటూ తీసుకెళ్ళడం మాత్రం చేయొద్దు, అలా లేచినప్పుడు బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. 5 నిమిషాలైనా తేడా లేకపోతే, రెండో పెన్ను ఉంటే అదీ వాడాలి. తేరుకున్నా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, ఎందుకంటే తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చు.

ఇవేవీ లేవా? అయితే కుదుటపడి కూర్చోండి. ఇక పెన్ను తెచ్చుకోవచ్చు, ఈసారి మామూలు బాల్‌పాయింట్ పెన్ను.

అవి దద్దుర్లేనా?

దద్దు అంటే చర్మం మీద ఉబ్బెత్తుగా లేచే మచ్చ. గుండుసూది తల అంత ఉండొచ్చు, అరచేయంత ఉండొచ్చు, రెండు మూడు కలిసిపోయి దేశపటంలా తయారవ్వచ్చు. మధ్యలో పాలిపోయి అంచు ఎర్రగా ఉంటుంది. వేలితో నొక్కితే ఎరుపు పోయి, వదిలితే తిరిగి వస్తుంది. చామనచాయ, నలుపు చర్మం మీద ఆ ఎరుపు సరిగా తెలియదు, కాబట్టి రంగును నమ్ముకోకుండా చేత్తో తడిమి చూడండి, లేదా లైటు పక్క నుంచి పడేలా నిలబడి చూడండి. ఉబ్బు ఉంటే నీడ కనిపిస్తుంది. దద్దు పైన చర్మం నున్నగానే ఉంటుంది. పొట్టు రాలదు, నీరు కారదు, చీము పట్టదు.

ఇప్పుడు బాగా కనిపిస్తున్న ఒక దద్దును ఎంచుకుని దాని అంచు వెంబడి చర్మం మీదే సున్నా చుట్టండి. పక్కన టైము రాయండి. కొన్ని గంటలకోసారి చూస్తూ ఉండండి. నిజమైన దద్దు 24 గంటలు దాటదు. చాలావరకు అంతకంటే ముందే మాయమవుతుంది, మచ్చ కూడా మిగల్చదు. "వారం రోజులుగా ఇవి పోవడం లేదు" అంటారు చాలామంది. నేనూ అదే అన్నాను. వారం రోజులుగా ఉన్నది ఒకే దద్దు కాదు. ఇక్కడ ఒకటి పోతుంటే అక్కడ ఇంకోటి లేస్తోంది. సున్నా చుడితే తప్ప ఆ తేడా కంటికి దొరకదు.

మరి 24 గంటలు దాటినా మచ్చ సున్నా లోపలే కూర్చుని ఉంటే? దురద కంటే నొప్పి, మంట ఎక్కువగా ఉండి, పోయాక కమిలినట్టు నల్లటి మచ్చ మిగిలితే? అది చర్మంలోని రక్తనాళాల వాపు కావచ్చు. దాన్ని తేల్చడానికి చిన్న చర్మం ముక్క తీసి పరీక్షిస్తారు. దానికి మందులు వేరు. ఎలర్జీ మాత్రలు మింగుతూ నెలలు గడపకుండా చర్మవైద్యుల్ని కలవండి.

దద్దుర్లని పొరబడేవి ఇంకా ఉన్నాయి. రాత్రిపూట దురద విపరీతమై, వేళ్ళ సందుల్లో, మణికట్ల దగ్గర చిన్న పొక్కులుండి, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే అది గజ్జి అయి ఉండొచ్చు. చెమట పట్టి ఆరని చోట చిటపటలాడే చిన్న పొక్కులు చెమటకాయలు. మధ్యలో చిన్న చుక్కతో రోజుల తరబడి అక్కడే ఉండేవి పురుగు కాట్లు.

చర్మంలో ఏం జరుగుతోంది

మన చర్మంలో మాస్ట్ కణాలని ఉంటాయి. జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ 1878లో వాటికి ఆ పేరు పెట్టాడు. లోపల గింజలతో కిక్కిరిసి ఉండడం చూసి, బాగా మేసి బలిసిన కణాలనుకుని, జర్మన్‌లో మేతకు సంబంధించిన మాటను తగిలించాడు. ఆ గింజల్లో ఉండే సరుకులో ముఖ్యమైనది హిస్టమిన్. మాస్ట్ కణం కదిలితే హిస్టమిన్ బయటికి చిమ్ముతుంది. సన్నని రక్తనాళాలు వెడల్పై ఎరుపు వస్తుంది, వాటిలోంచి నీరు చర్మంలోకి ఊరి ఉబ్బు వస్తుంది, నరాల కొసలు రేగి దురద పుడుతుంది. దద్దు అంటే ఇంతే. ఊరిన నీరు తిరిగి ఇంకిపోగానే చర్మం ఏమీ జరగనట్టు ఉంటుంది.

ఇందులో గుర్తుపెట్టుకోవలసింది ఏమిటంటే, మాస్ట్ కణాన్ని కదిలించడానికి ఎలర్జీయే అక్కర్లేదు. వైరస్ జ్వరం కదిలిస్తుంది. కొన్ని నొప్పి మాత్రలు కదిలిస్తాయి. చలి, ఒత్తిడి, చెమట కదిలిస్తాయి. ఒక్కోసారి మన రోగనిరోధక వ్యవస్థే మన కణాల మీదికి తిరగబడి కదిలిస్తుంది. అందుకే దద్దుర్లు కనిపించగానే "నాకు ఏదో పడలేదు" అని తీర్మానం చేసుకుంటే చాలాసార్లు తప్పవుతుంది.

ఇప్పటికిప్పుడు దురద తగ్గాలంటే

హిస్టమిన్‌ను అడ్డుకునే మాత్ర ఒకటి వేసుకోవాలి. సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, లోరటడిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ లాంటివి కొత్త తరం మందులు. పెద్దవాళ్ళకు సెటిరిజిన్ అయితే 10 మిల్లీగ్రాములు, రోజుకు ఒకసారి. గంట లోపు పని మొదలవుతుంది. పిల్లలకు డోసు వయసును, బరువును బట్టి ఉంటుంది కాబట్టి డాక్టర్ చెప్పినట్టే వేయండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు అడగకుండా వేసుకోవద్దు.

క్లోర్‌ఫెనిరమైన్, హైడ్రాక్సిజిన్ లాంటి పాత తరం మందులు కూడా దురద తగ్గిస్తాయి, కానీ మత్తు వస్తుంది. ఆ మత్తు మర్నాటి పొద్దుటి దాకా లాగుతుంది. అవి వేసుకుని బండి నడపొద్దు. కొత్తవాటిలోనూ సెటిరిజిన్ కొందరికి నిద్ర తెప్పిస్తుంది. నాకు మధ్యాహ్నం మీటింగులో తల వాలిపోయాక గానీ ఆ సంగతి తెలియలేదు, ఆ తర్వాత రాత్రిపూటకు మార్చుకున్నాను. ఫెక్సోఫెనడిన్‌ను మంచినీళ్ళతోనే వేసుకోండి, పళ్ళరసంతో మింగితే మందు ఒంటికి సరిగా పట్టదు. బిలాస్టిన్ అయితే తిండికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటలకు.

మాత్ర పని చేసేలోగా చల్లటి నీళ్ళలో తడిపి పిండిన బట్ట దురద ఉన్నచోట వేసుకోండి. (చలికే దద్దుర్లు లేచే రకం మీది అయితే ఇది వద్దు, దాని గురించి కిందుంది.) బిగుతు బట్టలు మార్చేయండి. వేణ్ణీళ్ళ స్నానం ఆ కాసేపు హాయిగా ఉన్నా బయటికి రాగానే దురద రెట్టింపవుతుంది. మద్యం కూడా అంతే. క్యాలమైన్ లోషన్ చల్లగా ఉంటుంది, అంతకు మించి ఏం చేయదు. హిస్టమిన్‌ను అడ్డుకునే మందుతో చేసిన క్రీములు మాత్రం పూయకండి, ఆ క్రీమే కొందరికి కొత్త ఎలర్జీ తెచ్చిపెడుతుంది.

నొప్పికో జ్వరానికో యాస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకునే అలవాటుంటే దద్దుర్లు తగ్గేదాకా ఆపండి. అవి ఉన్న మంటలో నెయ్యి పోస్తాయి. పారాసెటమాల్ చాలామందికి ఇబ్బంది పెట్టదు. గుండె కోసం డాక్టర్ రాసిన చిన్న డోసు యాస్పిరిన్ సంగతి వేరు, దాన్ని సొంతంగా ఆపకూడదు.

స్టెరాయిడ్ మాత్రల గురించి ఒక మాట. దద్దుర్లు మరీ ఉధృతంగా ఉన్నప్పుడు డాక్టర్లు కొద్ది రోజులకు రాస్తారు, అద్భుతంగా పని చేస్తాయి కూడా. ఆ అద్భుతమే ప్రమాదం. పాత చీటీ పట్టుకెళ్ళి మళ్ళీ మళ్ళీ కొనుక్కుంటే షుగరు, బీపీ పెరగడం, ఎముకలు గుల్లబారడం, బరువు పెరగడం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మానేసిన రోజు దద్దుర్లు తిరిగి రావడం సరేసరి.

కారణం వెతికే పద్ధతి

ఆరు వారాల లోపు దద్దుర్లకే కారణం వెతకడంలో అర్థముంది. అప్పుడైనా చాలామందికి కారణం దొరకదు, దొరక్కుండానే తగ్గిపోతాయి. కాబట్టి డిటెక్టివ్ పని ఒక పరిమితిలో చేయండి.

తిండి మీద అనుమానముంటే టైము చూడండి. తిండి ఎలర్జీ నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో బయటపడుతుంది. ఆదివారం తిన్నదానికి మంగళవారం దద్దుర్లు లేవవు. రెండో ప్రశ్న, అదే పదార్థం ఇదివరకు తిన్నప్పుడల్లా వచ్చిందా? ఎలర్జీకి మొహమాటం ఉండదు. నిజంగా పడనిది ఒక రోజు ఊరుకుని ఇంకో రోజు తిరగబడడం అరుదు. ఆ అరుదైన వాటిలో ఒకటి, తిన్న వెంటనే వ్యాయామం చేస్తేనే బయటపడే ఎలర్జీ. ఇంకొకటి మాంసం ఎలర్జీ. కొన్ని రకాల పిడుదులు కరిచినవాళ్ళలో మొదలయ్యే ఈ ఎలర్జీ తిన్న మూడు నుంచి ఆరు గంటల తర్వాత గానీ పైకి రాదు. చేపల విషయంలో ఇంకో మెలిక ఉంది. సరిగా నిల్వ చేయని కొన్ని చేపల్లో బ్యాక్టీరియా వల్ల హిస్టమినే తయారవుతుంది. అది తిన్నవాళ్ళ మొహం ఎర్రబారి దద్దుర్లు లేస్తాయి. చేప ఎలర్జీ ఏమీ కాదు, నిల్వ లోపం. ఒకే పళ్ళెంలోది తిన్న నలుగురికీ వస్తే దాన్నే అనుమానించండి.

పిల్లల్లో దద్దుర్లకు ఎక్కువగా కారణమయ్యేది మామూలు వైరస్ జ్వరం. ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. పిల్లాడికి జలుబు, జ్వరం. మూడో రోజు యాంటీబయాటిక్ మొదలుపెడతారు. నాలుగో రోజు ఒళ్ళంతా దద్దుర్లు. తప్పు మందు మీద పడుతుంది, "పెన్సిలిన్ పడదు" అనే ముద్ర జన్మంతా మోస్తాడు. అలాంటి ముద్ర ఉన్నవాళ్ళను తర్వాత పద్ధతిగా పరీక్షిస్తే నూటికి తొంభై మందికి పైగా ఆ మందు హాయిగా పడుతోంది. కొందరికి ఎలర్జీ అసలు లేనేలేదు, కొందరికి ఉన్నది ఏళ్ళ మీద పోయింది. ముద్ర వల్ల నష్టమేమిటంటే, రేపు నిజంగా అవసరమైనప్పుడు సరిపోయే మందు వదిలేసి, ఎక్కువ ఇబ్బందులున్న వేరే మందు వాడాల్సి వస్తుంది. కాబట్టి మందు వేసుకున్నాక దద్దుర్లు లేస్తే ఆ మందు ఆపి డాక్టర్‌ను అడగండి, కానీ కాగితం మీద వివరాలన్నీ రాసి పెట్టుకోండి. ఏ మందు, ఎన్నో డోసు, వేసుకున్న ఎంతసేపటికి, అప్పటికి జ్వరం ఉందా, ఊపిరికి ఇబ్బంది అయిందా. కొన్నాళ్ళ తర్వాత ఎలర్జీ నిపుణులు ఆ ముద్ర తీసేయవచ్చో లేదో తేల్చడానికి ఆ కాగితమే ఆధారం. ఇంట్లో మీరే మళ్ళీ వేసి చూసే ప్రయోగం మాత్రం వద్దు.

రోజులు గడిచాక వచ్చేవి

కొన్ని చర్మ ఎలర్జీల గడియారం నెమ్మదిగా నడుస్తుంది. చెవిపోగు, బెల్టు బకిల్, వాచీ వెనక మూత ఆనుకునే చోట దురదతో చర్మం ఎర్రబారి, నీటి పొక్కులు లేచి, తర్వాత గరుకుగా పొట్టు రేగుతుంటే అది దద్దు కాదు, తాకిడి వల్ల వచ్చిన ఎలర్జీ. చాలాసార్లు దోషి నికెల్ అనే లోహం. తాకిన ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత బయటపడుతుంది కాబట్టి జనం తప్పు చోట వెతుకుతారు. తలకు వేసే రంగులో ఉండే పీపీడీ అనే రసాయనం పడకపోతే తల మీద కంటే కనురెప్పల మీద, చెవుల వెనక, మెడ మీద ఎక్కువగా కనిపిస్తుంది. గోళ్ళరంగు పడకపోతే గోళ్ళు బాగానే ఉంటాయి, కనురెప్పలు వాస్తాయి. చేయి వెళ్ళి కంటిని తాకుతుంది కదా.

"ఇది పదేళ్ళుగా వాడుతున్నాను, దీనివల్ల ఎందుకు వస్తుంది?" అనే మాట ఇక్కడ చెల్లదు. వాడగా వాడగానే ఈ ఎలర్జీ పుడుతుంది. దీనికి సెటిరిజిన్ పెద్దగా పని చేయదు. ఆ వస్తువును దూరం పెట్టడం, డాక్టర్ రాసిన స్టెరాయిడ్ క్రీము కొద్ది రోజులు పూయడం, ఇవే దారి. దోషి తేలకపోతే ప్యాచ్ టెస్ట్ చేస్తారు. అనుమానం ఉన్న పదార్థాలను వీపు మీద 48 గంటలు అతికించి ఉంచి, తీశాక చూసి, మళ్ళీ ఒకటి రెండు రోజులాగి చూస్తారు.

కొత్త మందు మొదలుపెట్టిన నాలుగు నుంచి పద్నాలుగు రోజుల మధ్య ఒళ్ళంతా తట్టులాంటి ఎర్రటి మచ్చలు రావచ్చు. చాలావరకు మందు ఆపితే పోతాయి. కానీ జ్వరం, నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడి మండడం, చర్మం ముట్టుకుంటే నొప్పి, బొబ్బలు, పొర ఊడిరావడం, ముఖం వాపు వీటిలో ఏది తోడైనా ఆ పూటే ఆసుపత్రిలో ఉండాలి.

పెదవి వాస్తే

దద్దుర్లున్న వాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు పెదవో, కనురెప్పో ఉబ్బుతుంది. చర్మం లోపలి పొరలో జరిగే అదే సంగతి ఇది, తగ్గడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. దద్దుర్లతో పాటు వస్తే చికిత్స కూడా దద్దుర్లదే. అసలు దద్దుర్లే లేకుండా, దురద లేకుండా పెదవులు, నాలుక పదే పదే వాస్తుంటే మాత్రం ఆలోచన మార్చాలి. మీరు బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి "ప్రిల్" అని ముగిసే మందు వాడుతున్నారా? ఏళ్ళ తరబడి వాడాక కూడా ఆ మందు ఇలా వాపు తెప్పించగలదు. తర్వాతి డోసుకు ముందే డాక్టర్‌తో మాట్లాడండి. ఆ మందు వాడకపోయినా వస్తుంటే, ముఖ్యంగా రక్తసంబంధీకుల్లో కూడా ఉంటే, కారణం లేకుండా కడుపునొప్పి వచ్చి పోతుంటే, వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం వాపు జబ్బు ఉంది. ఎలర్జీ మాత్రలూ స్టెరాయిడ్లూ దానికి పని చేయవు. సీ4, సీ1 ఇన్‌హిబిటర్ అనే రక్తపరీక్షలు దాన్ని పట్టిస్తాయి.

గీస్తే లేచేవి, చలికి లేచేవి

మూత మూసిన పెన్నుతో ముంజేతి మీద కాస్త గట్టిగా ఒక గీత గీయండి. కొన్ని నిమిషాల్లో ఆ గీత తాడులా ఉబ్బి దురద పెడితే, గీతకు లేచే రకం దద్దుర్లు మీవి. అరగంటలో అణిగిపోతాయి. తమాషాగా ఉంటుంది, చర్మం మీద పేరు కూడా రాసుకోవచ్చు. బ్యాగు పట్టీ, బట్టల అంచు, తువ్వాలుతో గట్టిగా తుడుచుకోవడం, ఇవే ఇలాంటివాళ్ళకు శత్రువులు.

పరుగెత్తినా, చెమట పట్టినా, ఉన్నట్టుండి టెన్షన్ పడినా ఆవగింజంత దద్దుర్లు గుంపుగా లేచి గంటలో పోతే అది వేడికి, చెమటకు వచ్చే రకం. బరువు మోసిన భుజం మీద నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత నొప్పితో వాపు వస్తే ఒత్తిడి రకం. వీటిలో నేను గట్టిగా హెచ్చరించేది చలికి వచ్చే రకం గురించి. చేతుల మీద లేచినంత వరకు చిన్న విషయమే. అదే మనిషి చన్నీళ్ళలో ఈతకు దూకితే ఒళ్ళంతా ఒకేసారి హిస్టమిన్ చిమ్మి, నీళ్ళలోనే స్పృహ తప్పవచ్చు. ఐసు ముక్కను కవరులో పెట్టి ముంజేతి మీద 5 నిమిషాలు ఆనించి చూసే పరీక్ష ఒకటుంది, దాన్ని డాక్టర్ దగ్గరే చేయించుకోండి. తేలిందంటే ఒంటరిగా ఈత బంద్.

ఆరు వారాలు దాటితే

ఆరు వారాలు దాటి దాదాపు రోజూ వస్తుంటే వాటిని దీర్ఘకాలిక దద్దుర్లంటారు. నూటికి సుమారు ఒకరికి జీవితంలో ఎప్పుడో ఇవి రావచ్చు. ఇక్కడ బయటి దోషి దాదాపుగా ఉండడు. చాలామందిలో సొంత రోగనిరోధక వ్యవస్థ పొరబాటే కారణం, అందుకే థైరాయిడ్ మీద తిరగబడే జబ్బు కూడా ఇలాంటివాళ్ళలో కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే నేను నాలుగు నెలలు చప్పిడి తిండి తినేవాణ్ణి కాదు.

అందువల్ల వంద పదార్థాల ఎలర్జీ ప్యానెల్‌కు డబ్బు పోయకండి. రక్తంలో ఐజీఈ (ఎలర్జీల్లో పాత్ర ఉన్న యాంటీబాడీ, అంటే రోగనిరోధక ప్రోటీన్) కనిపించినంత మాత్రాన ఆ పదార్థం మీకు పడదని కాదు. తిండి మీద ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ పరీక్షలైతే ఇంకా అన్యాయం. ఐజీజీ ఉండడం ఆ పదార్థం మీరు తిన్నారని చెబుతుందంతే. సాధారణంగా చేసే పరీక్షలు రక్తకణాల లెక్క, ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ, నిపుణుల దగ్గరైతే మొత్తం ఐజీఈ, థైరాయిడ్ యాంటీబాడీలు. మిగతావి మీ కథను బట్టి.

మందు విషయంలో జనం చేసే ముఖ్యమైన తప్పు, దద్దుర్లు లేచినప్పుడే మాత్ర వేసుకోవడం. వాన మొదలయ్యాక గొడుగు కొనడానికి పరుగెత్తడం లాంటిది అది. ఈ దశలో మాత్ర రోజూ ఒకే వేళకు వేసుకోవాలి, దద్దుర్లు లేని రోజు కూడా. రెండు నుంచి నాలుగు వారాలు చూసి చాలకపోతే, డాక్టర్లు అదే కొత్త తరం మందును మామూలు డోసుకు నాలుగు రెట్ల వరకు పెంచుతారు. నాలుగు రెట్లంటే నేనూ బిత్తరపోయాను. అంతర్జాతీయ చికిత్సా మార్గదర్శకాల్లో ఉన్న పద్ధతే అది, కాకపోతే డాక్టర్ చేతి మీదుగా జరగాలి. అప్పటికీ లొంగకపోతే ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్ నాలుగు వారాలకోసారి ఇస్తారు. 2014 నుంచి 12 ఏళ్ళు దాటిన వాళ్ళకు దీన్ని వాడుతున్నారు. ఇది కూడా చాలనివాళ్ళకు రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ అనే మందు ఉంది, బీపీ, కిడ్నీ చూసుకుంటూ వాడాలి.

తగ్గుతున్నాయో లేదో మనసుకు తోచినట్టు కాకుండా అంకెల్లో రాసుకోండి. గడిచిన 24 గంటల్లో దద్దుర్లు అసలు లేకపోతే 0, 20 లోపైతే 1, 20 నుంచి 50 అయితే 2, 50 దాటితే 3. దురద లేకపోతే 0, కొంచెమైతే 1, ఇబ్బంది పెట్టేంతైతే 2, పని గానీ నిద్ర గానీ చెడిపోయేంతైతే 3. రోజుకు గరిష్ఠంగా 6, వారానికి 42. వారం మొత్తం 6 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే జబ్బు అదుపులో ఉన్నట్టు. 28 గానీ అంతకు ఎక్కువ గానీ అయితే తీవ్రం. మందు మార్చాలా వద్దా అని డాక్టర్ నిర్ణయించడానికి ఈ అంకె "బాగా దురదగా ఉందండీ" అన్న మాట కంటే ఎక్కువ పనికొస్తుంది. ఎన్నాళ్ళుంటుందంటే, చాలామందికి ఒకటి నుంచి ఐదేళ్ళ మధ్య దానంతటదే పోతుంది. అందుకే అదుపులో ఉన్న కొన్ని నెలల తర్వాత డోసు మెల్లగా తగ్గించి చూస్తారు. ఒక్కసారిగా మానేస్తే దురద విరుచుకుపడుతుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు

దద్దుర్లకు ఒక దుర్గుణం ఉంది. రాత్రంతా నిద్ర పోనివ్వవు, డాక్టర్ గదిలోకి అడుగు పెట్టేసరికి ఒక్కటీ కనిపించదు. కాబట్టి లేచినప్పుడే ఫొటోలు తీయండి. పక్కన నాణెమో వేలో ఉంటే సైజు తెలుస్తుంది. వాడుతున్న మందులన్నిటి పేర్లూ రాయండి, నొప్పి మాత్రలు, విటమిన్లు, మూలికలు సహా. వాటిని మందులుగా లెక్కేయక చెప్పకుండా వదిలేసేవాళ్ళే ఎక్కువ. చర్మం మీద గుచ్చి చేసే ఎలర్జీ పరీక్ష ఉందంటే దాదాపు వారం ముందు నుంచి ఎలర్జీ మాత్ర ఆపాల్సి ఉంటుంది, లేకపోతే పరీక్ష తప్పు చెబుతుంది. ఎప్పుడు ఆపాలో ఫోన్ చేసి కనుక్కోండి.

రెండోసారి వెళ్ళినప్పుడు నేను ఏమీ చెప్పలేదు. చొక్కా చేయి పైకి లాగి ఆవిడ ముందు పెట్టాను. ముంజేతి మీద నీలం సిరాతో చుట్టిన వంకర సున్నా, పక్కన ముందు రోజు రాత్రి 9.40. సున్నా లోపల ఏమీ లేదు.